ఆనపపాదుకు పెళ్లిళ్ల పేరయ్య

పక్కనే కడియం నర్సరీలను పెట్టుకుని, రాజమండ్రిలో సొంత మేడ ఉండి, దాని మీద ఒక్క పాదైనా లేదంటే చుట్టాలు ఊరుకోరు. అందుకని గ్రో బ్యాగులు, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు, వేపపిండి కొన్నాను. ఖర్చంతా ఓ పుస్తకంలో రాస్తుంటే మా ఆవిడ ఆ పుస్తకం దాచేసింది. తోట మీద ప్రేమతో కాదు, నా గుండె మీద జాలితో.

వంగ, బెండ, గోంగూర మర్యాదస్తులు. నీళ్లు పోస్తే కాస్తాయి, మానేస్తే ఎండుతాయి. చెప్పుకోవాల్సిందల్లా ఆనపపాదు గురించే.

తొలకరికి గింజ పెడితే మొలిచింది, పందిరెక్కింది, పూసింది. పూసిన ప్రతిదీ మగపువ్వే! పొడుగాటి కాడల మీద తెల్లగా తయారై నిలబడ్డారు పెళ్లికొడుకులు. పిల్ల జాడే లేదు. ఆనపకు మగపూలే ముందొస్తాయి, వాళ్లింటి ఆచారం అంతే. ఆడపూలు పెరగాలంటే 3జీ కటింగ్ చెయ్యాలన్నారు యూట్యూబ్ పండితులు. అంటే తీగ కొస తుంచాలి, పక్కన వచ్చిన కొమ్మల కొసలూ తుంచాలి, ఆ తర్వాత వచ్చే మూడో తరం కొమ్మలు ఆడపూలు పూస్తాయట. లోకమంతా 5జీకి వెళ్లిపోయినా ఆనపపాదుకు ఇంకా సిగ్నల్ అందలేదు.

మొత్తానికి ఆడపువ్వు వచ్చింది. పొట్టి కాడ, పువ్వు కింద నూగుతో బొటనవేలంత పిందె. మురిసిపోయేలోగా పసుపెక్కి రాలిపోయింది. ఈ పువ్వు దీపాలు పెట్టేవేళ విచ్చుకుని, మర్నాడు పొద్దెక్కేసరికి వాడిపోతుంది. పగటి డ్యూటీ చేసే తేనెటీగలకు ఆ టైము కుదరదు. రాత్రి తిరిగే రెక్కల పురుగులేమో మా మేడ మెట్లెక్కినట్టు లేవు. ఇక ఆ సంబంధం నేనే కుదర్చాలి.

చీకటి పడ్డాక టార్చిలైటు చంకలో ఇరికించుకుని, మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. రోజూ రాత్రి మేడ మీద ఓ పెద్దమనిషి పందిరి కింద ఒంగుని పువ్వుల్ని బతిమాలుకోవడం ఎదురింటి పిన్నిగారి కంటపడింది.

"మీ ఆయనకు ఒంట్లో బాగానే ఉంటోందా అమ్మా?" అని మా ఆవిడను గుట్టుగా అడిగారు.

"ఆయనకేం పిన్నిగారూ, పెళ్లిళ్లు కుదురుస్తున్నారు."

సాయంత్రానికల్లా వాళ్లబ్బాయి జాతకం మా ఇంటికొచ్చింది.

పిందెలు నిలిచాయి. పండు ఈగ కుట్టకుండా ప్రతి పిందెకూ కాగితం సంచి తొడిగాను. అక్కడితో నా కష్టాలు తీరాయనుకుంటే, కాయలన్నీ ఒక్కసారే కోతకొచ్చాయి. ఆగుదామంటే ముదిరిపోతాయి. పాలుపోసిన కూర, దప్పళం, పెరుగుపచ్చడి, ఆఖరికి హల్వా కూడా అయ్యాక పంపకాలు మొదలుపెట్టాం. మొదటి కాయ పట్టుకెళ్లినప్పుడు పక్కింట్లో ఫిల్టర్ కాఫీ ఇచ్చారు. రెండోదానికి మంచినీళ్లిచ్చారు. ఇప్పుడు నేను కాలింగ్ బెల్ కొడితే లోపల టీవీ సౌండు ఆగిపోతోంది.

కాబట్టి అయ్యా, రాజమండ్రి వైపు పనుండి వస్తే మా ఇంటికి తప్పక రండి. లేతకాయలున్నాయి, సంచి కూడా నేనే ఇస్తాను. మీ ఎరికలో ఈడైన పిల్ల ఉంటే ఆ మాటా చెప్పండి, పిన్నిగారు రోజూ అడుగుతున్నారు.