అసలు ఉచితం, కొసరుకు బిల్లు

రాయల్ కరీబియన్ వారి విహార నౌక ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ 2024 జనవరిలో మయామీ రేవు నుంచి తొలి యాత్రకు కదిలింది. ఇరవై అంతస్తులు. నిండితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్లకు అణిగిమణిగి సేవ చెయ్యడానికి 2,350 మంది సిబ్బంది. టికెట్టు కొంటే తిండీ, పడకా, ఈత కొలనూ, రాత్రి ఆటాపాటా అన్నీ అందులోనే. ఓడెక్కినవాడు పర్సు తియ్యక్కర్లేదు. నిజమే, తియ్యక్కర్లేదు. గది తాళమని చేతికిచ్చిన కార్డే ఓడంతా పర్సు పని చేసిపెడుతుంది.

ఆ కార్డు గీకుళ్ల ఫలితం కంపెనీ పద్దుల్లో కనబడుతుంది. 2023లో రాయల్ కరీబియన్ గ్రూపు ఆదాయం దాదాపు 1,390 కోట్ల డాలర్లు. అందులో సుమారు 430 కోట్లు టికెట్లమ్మగా వచ్చినవి కావు. మందు, జూదం, మసాజు, తీరంలో షికార్లు వంటి వాటి రాబడి. బుద్ధిమంతుడు వీటన్నిటికీ దూరంగా ఉండొచ్చు. కానీ ఎంత బుద్ధిమంతుడికైనా ఆకలేస్తుంది, ఫోను చూసుకోవాలనిపిస్తుంది. చుట్టూ సముద్రం కాబట్టి పక్క హోటలుకు పోలేడు, పక్కింటి వైఫై వాడుకోలేడు. ఓడ యజమానులకు ఈ సంగతి బాగా తెలుసు.

ముందు తిండి సంగతి. ఐకాన్‌లో ఉచితంగా తినే చోట్లు బోలెడున్నాయి. వాటి నడుమ ‘ఎంపైర్ సప్పర్ క్లబ్’ అనే ఖరీదైన గది ఒకటుంది. 1930ల నాటి న్యూయార్కు వాతావరణం, పక్కన సంగీతం, ఎనిమిది విడతల వడ్డన, మనిషికి సుమారు 200 డాలర్లు. డబ్బున్న వాళ్లు తింటారు, మంచిదే. గమ్మత్తంతా ఉచిత భోజనశాలలోనే ఉంది. కార్నివాల్ అనే మరో కంపెనీ ఓడల్లో రాత్రి భోజనానికి కూర్చుంటే ప్రధాన వంటకాలు రెండు దాకా ఊరికే పెడతారు, మూడోదానికి 5 డాలర్లు. మన పెళ్లి బంతిలో మూడో గారె వద్దని చెయ్యి అడ్డం పెట్టినా వేసిపోతారు. ఇక్కడ మూడో పళ్లేనికి చెయ్యి చాపితే కార్డు అడుగుతారు.

నార్వేజియన్ క్రూజ్ లైన్ వారిది ఇంకో దారి. 2015లో గదికి భోజనం తెచ్చిపెడితే 7.95 డాలర్లన్నారు. జనం తెలివి మీరి, బఫేలో పళ్లెం నింపుకుని తామే గదికి మోసుకుపోవడం మొదలెడితే? అదే ఏడాది అదీ నిషేధమన్నారు. ప్రయాణికులు గోల చేసేసరికి కొద్దిరోజులకే ఉత్తర్వు వెనక్కి పోయింది, రుసుము మాత్రం ఉండిపోయింది. ఈ కంపెనీయే పానీయాల ప్యాకేజీని ‘ఉచితం’గా ఇచ్చి, దాని అసలు ధర మీద 20 శాతం సర్వీసు చార్జీ వసూలు చేసింది. ఊరికే ఇచ్చినదానికీ ధర ఉంటేనే గదా ఇందులో శాతాలు కట్టగలిగేది!

ఈ తెలివితేటలు నేటివేమీ కావు. 1912లో టైటానిక్ మొదటి తరగతిలో భోజనం టికెట్టులోనే ఉండేది. అయినా బి డెక్కు మీద లుయీజీ గాట్టి అనే ఇటాలియన్ నడిపే వేరే రెస్టారెంటు ఉండేది, అక్కడ తింటే బిల్లు వేరు. కబురు పంపాలంటే మార్కోనీ కంపెనీ వైర్‌లెస్ గది. మొదటి పది మాటలకు 12 షిల్లింగుల 6 పెన్నీలు, ఆపైన మాటకు 9 పెన్నీలు. ఏప్రిల్ 14 రాత్రి కెప్టెన్ స్మిత్‌కు ఒక ధనిక కుటుంబం విందిచ్చింది ఆ రెస్టారెంటులోనే. ఆ రాత్రే దగ్గర్లో ఉన్న కాలిఫోర్నియన్ ఓడ మంచు గురించి హెచ్చరించబోతే, ప్రయాణికుల టెలిగ్రాములు పంపడంలో మునిగి ఉన్న టైటానిక్ ఆపరేటర్ ఫిలిప్స్ నోర్ముయ్యమన్నాడు. అవి డబ్బు కట్టిన సందేశాలు, ఇది ఊరికే వచ్చినది.

ఇంటర్నెట్ కథ మరీ రంజుగా ఉంటుంది. 2007లో ఓ3బి అనే కంపెనీ పుట్టింది. ఇంటర్నెట్ అందని మిగతా 300 కోట్ల మందికి ఉపగ్రహాల ద్వారా అందిస్తామన్నది దాని ఆశయం, పేరులోనూ ఆ మాటే పెట్టుకున్నారు. దాని తొలి పెద్ద కస్టమర్లలో రాయల్ కరీబియన్ ఒకటి. ఆఫ్రికా పల్లెల కోసం బయల్దేరిన సిగ్నలు కరీబియన్ సముద్రంలో ఈతకొలను పక్కన సెల్ఫీలకు అక్కరకొచ్చింది.

పాత ఉపగ్రహాలు భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండేవి. ఓ3బి వాళ్లవి సుమారు 8,000కు దిగాయి. 2022లో రాయల్ కరీబియన్ తెచ్చుకున్న స్టార్‌లింక్ 550 దాకా దిగింది. ఉపగ్రహం దిగింది గాని రేటు దిగలేదు. కార్నివాల్‌లో ఇంటర్నెట్టుకు సోషల్, వేల్యూ, ప్రీమియం అని మూడు తరగతులు. ఫేస్‌బుక్ వంటివి చాలనుకుంటే సోషల్, వీడియో కాల్ కావాలంటే ప్రీమియం. మనవడి మెసేజీ చదవడానికి ఒక రేటు, మొహం చూడటానికి ఇంకో రేటు. పొదుపు చేద్దామని ఏ ప్యాకేజీ కొనకుండా ఫోను మామూలుగా వదిలేస్తే, ఓడలోని సెల్ టవరు దాన్ని పట్టుకుని రోమింగ్ బిల్లు బాదుతుంది. అందుకే ఓడెక్కగానే ఫోనును విమానం మోడులో పెట్టమని తెలిసినవాళ్లు చెబుతారు.

డాలస్, హ్యూస్టన్‌ల తెలుగు కుటుంబాలకు గాల్వెస్టన్ రేవు దగ్గర కాబట్టి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఓడెక్కించడం అక్కడ మామూలే. ఆ పెద్దవాళ్లు తెలుసుకోవలసిన నిబంధన ఒకటుంది. కార్నివాల్ ఓడలోకి ఇంట్లో వండింది ఏదీ రానివ్వరు. సీలు తియ్యని కొట్టు సరుకు కొద్దిగా తెచ్చుకోవచ్చు. అంటే అమ్మ చేతి ఆవకాయ జాడీ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, సూపర్ బజారులో కొన్న పచ్చడి సీసా దర్జాగా ఓడెక్కుతుంది. భోజనశాలలో తెల్లన్నం అడిగి తెప్పించుకుని, ఆ సీసా మూత తీసి కలుపుకునే ప్రయాణికుడికి ఏ ప్యాకేజీ అమ్మాలో ఇంతవరకూ ఏ కంపెనీకీ తట్టినట్టు లేదు.