పోలికల రాయుడు

మాటల రాయుళ్లు, కోతల రాయుళ్లు తెలుగునాట ఏ జిల్లాలోనైనా దొరుకుతారు. పోలికల రాయుడు మాత్రం గోదావరి డెల్టా సొంత సరుకు. ఈయన ఏ ఊరెళ్లినా దాన్ని ఊరిగా చూడడు, మన ఊరి పక్కన నిలబెట్టి చూస్తాడు. ఊటీ వెళ్తే ‘చలి బాగానే ఉంది గానీ కాఫీ మన తణుకులోదే నయం’ అంటాడు. దుబాయిలో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన మేడ కింద నిలబడి కూడా తల పైకెత్తడు, అక్కడ సెంటు ఎంత పలుకుతోందో వాకబు చేస్తాడు. బ్యాంకాక్ అరిగిపోయి, హైదరాబాదు నుంచి వియత్నాంకి నేరుగా విమానాలు పడ్డాక రాయుడి ముందు కొత్త చిక్కొచ్చి కూర్చుంది. హనోయా, సైగానా? సైగాన్‌కి 1976లోనే హోచిమిన్ సిటీ అని పేరు మార్చారు. అయినా రాయుడు పాత పేరే వాడతాడు, పొడుగు పేర్లకి ఆయన దగ్గర టైము లేదు. ఈ చర్చ పొద్దున్న పెసరట్టు ఉప్మా దగ్గర మొదలై, రాత్రి చెరువు గట్టు మీద ఏరేటర్ల హోరులో కూడా నడుస్తుంది. రొయ్య పిల్ల వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా ఒక పంట కాలం గడిచిపోతుంది, టిక్కెట్టు మాత్రం తెగదు. చూసేవాళ్లకి ఇది తేల్చుకోలేనితనంలా కనిపిస్తుంది. నిజానికి ఆయన వియత్నాం ఊళ్ల మధ్య తేల్చుకోవడం లేదు. రాజమండ్రి గొప్పా, భీమవరం గొప్పా అన్న ఇంటి తగువునే పాస్‌పోర్టు పట్టుకుని తీర్చుకుంటున్నాడు.

హనోయ్ పక్షం రాజమండ్రి రాయుడిది. ఈయనకి వయసు మీరిన ఊళ్లంటే మోజు. లీ థాయ్ తో అనే రాజు 1010లో రాజధానిని ఇప్పటి హనోయ్ ఉన్న చోటికి మార్చాడని చెప్పి చూడండి. ‘మా రాజరాజ నరేంద్రుడు గద్దెనెక్కింది 1022 అండీ, పన్నెండేళ్లే తేడా, అదో లెక్కా’ అంటాడు. అక్కడ 1070లో కన్ఫ్యూషియస్ పేరిట సాహిత్య మందిరం కట్టారంటే, ‘అప్పటికే మా నన్నయ్యగారు భారతం రెండున్నర పర్వాలు లాగించేశారు కదండీ’ అని నవ్వుతాడు. ఎర్రనదికి గట్లున్నాయంటే గోదావరికి లేవా అంటాడు. పాత బస్తీలో వెండికో వీధి, పట్టుకో వీధి చొప్పున 36 వీధులున్నాయంటే, తాడితోటలో బట్టల కొట్లు లెక్కపెట్టుకోమంటాడు. ఒక్క నీటిబొమ్మలాట దగ్గర మాత్రం కాస్త తడబడతాడు. ఎర్రనది డెల్టా రైతులు పుట్టించిన ఆట అది. ఆడించేవాళ్లు నడుములోతు నీళ్లలో తెరవెనక నిలబడి, నీళ్ల అడుగునుంచి వెదురు గడలతో చెక్కబొమ్మల్ని తిప్పుతారు. వరిచేలో నీళ్లు నిలిచిన ప్రతి ఏడూ మనకి బొమ్మలాట తట్టలేదెందుకన్న ప్రశ్న ఒక్క క్షణం రాయుడి మొహంలో కనబడుతుంది. వెంటనే ‘మా తోలుబొమ్మలకి నీళ్లు పడవండీ’ అని సర్దేసుకుంటాడు. హనోయ్‌తో ఇదే ఇబ్బంది. వయసు పోటీకి జడ్జి, ఆటగాడు, ప్రేక్షకుడు అన్నీ రాయుడే. నన్నయ్య ముందు ఎవర్ని నిలబెట్టినా గెలుపు ఇంటికే వస్తుంది. వెళ్లక ముందే గెలిచేసిన ఊరికి అంత డబ్బు పోసి వెళ్లడం దేనికి?

సైగాన్ పక్షం భీమవరం రాయుడిది. ఈయన ఊరి వయసు అడగడు, టర్నోవరు అడుగుతాడు. మోటారు సైకిళ్ల వరదలో రోడ్డు దాటడం, బెన్ థాన్ మార్కెట్లో చెప్పిన ధరకి సగం నుంచి బేరం మొదలెట్టడం ఈయనకి పుట్టుకతో వచ్చిన విద్యలు. పైగా రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు. పదివేలు మార్చుకుంటే ముప్ఫై లక్షలు చేతికొస్తాయి. ఆ ముప్ఫై లక్షల్లోంచి కొబ్బరి బొండానికి వేలకి వేలు లెక్కపెడుతుంటే కలిగే సుఖం, అంతకు మించిన గుండెదడ, రెండూ కలిపి ప్యాకేజీలో ఉచితం. కానీ నేను సైగాన్ వైపు మొగ్గేది ఇందుకు కాదు. ఆ ఊరికి దక్షిణంగా రెండు గంటలు కారులో వెళ్తే మెకాంగ్ డెల్టా వస్తుంది. పోలికల రాయుడికి అసలు పరీక్ష అక్కడే.

ఇక్కడ రాయుడి ఇల్లాలి అభ్యంతరం వినకుండా ముందుకెళ్లలేం, ఎందుకంటే అది బలమైనది. ‘కాలవలూ కొబ్బరిచెట్లూ చూడ్డానికి విమానం ఎక్కాలా? పాలకొల్లు బస్సెక్కితే కనపడవేంటండీ? ఎటూ ఖర్చు పెడుతున్నాం, సముద్రంలో కొండలున్న ఆ హా లాంగ్ బే చూపించండి’ అంటుంది ఆవిడ. హా లాంగ్‌ని యునెస్కో 1994లోనే వారసత్వ జాబితాలో చేర్చింది, అందం మీద తగువు లేదు. అయితే రాయుణ్ని అక్కడ పడవెక్కిస్తే జరిగేది ఒక్కటే. ‘పాపికొండల్ని సముద్రంలో ముంచితే ఇదేగా’ అని, ఫోటో దిగి, భోజనం ఎన్నింటికని అడుగుతాడు. తనకి ఏమీ తెలియని వస్తువు ముందు మనిషి ఫోటో తీస్తాడు. తెలిసిన వస్తువు ముందైతే ఆగి, వంగి, ముట్టుకుని, ప్రశ్నలేస్తాడు. రాయుడికి సున్నపురాతి కొండల సంగతి తెలీదు. బియ్యప్పిండి సంగతి తెలుసు.

ఉదాహరణకి మెకాంగ్ పల్లెల్లో చేసే బియ్యప్పిండి రేకు. మన ఆత్రేయపురంలో కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెడతారు. జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి, ఆ గుడ్డని కుండ వీపు మీద ఇటునుంచి అటు ఒక్క లాగు లాగితే ఉల్లిపొరలాంటి రేకు లేస్తుంది. అక్కడ కుండ బోర్లా పడుకోదు. మరిగే నీళ్ల పాత్ర మూతికి గుడ్డ బిగించి కడతారు. దాని మీద గరిటెడు పిండి పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా పరిచి మూతేస్తారు. ఆవిరికి ఉడికిన రేకుని వెదురు పుల్లతో లేపి, వెదురు తడికల మీద ఎండబెడతారు. అదే బియ్యం, అదే గుడ్డ. మనకి గుడ్డ కదులుతుంది, వాళ్లకి కదలదు. మనం నెయ్యీ పంచదారో బెల్లమో చల్లి మడతపెడతాం, వాళ్లు రొయ్యా ఆకుకూరా పెట్టి చుడతారు. ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని రాయుడు ఛాతీ విరుస్తాడు, విరవాల్సిందే. కానీ వాళ్ల రేకు ఎండిపోయి, నెలల తరబడి నిలవుండి, ఓడలెక్కి అమెరికా సూపర్ మార్కెట్లలో కూర్చుందన్న సంగతి ఆ తడికల దగ్గర నిలబడ్డాకే ఆయనకి మింగుడుపడుతుంది. హా లాంగ్‌లో అరగంటకే ఆవలించే మనిషి ఇక్కడ పూట గడిపేస్తాడు. పిండి ఎంత పల్చన, రోజుకెన్ని రేకులు, మనిషికెంత కూలి అని గైడు ప్రాణం తీస్తాడు.

బెన్ ట్రే కొబ్బరి దగ్గరా ఇదే వరస. అది వియత్నాం కోనసీమ. రాయుడు దిగగానే వెయ్యి కాయల ధర అడిగి, అంబాజీపేట ధరతో సరిచూసి, ‘మనమే మేలు’ అని తృప్తిపడతాడు. ఆ తృప్తి కొబ్బరి మిఠాయి చేసే షెడ్డు దాకానే. అక్కడ కొబ్బరిపాలు మరిగించి, ముద్ద చేసి, కోసి, బియ్యప్పిండి కాగితంలో చుడతారు. ఆ కాగితం కూడా తినేదే. మనింట్లో కొబ్బరి లౌజు ఇంతకన్నా రుచిగా ఉంటుందని రాయుడు అంటాడు, నిజమే కావచ్చు. అయితే లౌజు మనింటి గడప దాటలేదు, ఆ మిఠాయి దేశం దాటింది. రొయ్య దగ్గరికొస్తే మాట ఇంకా తగ్గుతుంది. భీమవరం చెరువుల మీద వియత్నాం పేరు టూరిజం పేరు కాదు, పోటీదారు పేరు. 2025లో మన రొయ్యలు సహా భారత సరుకుల మీద అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు వియత్నాంకి పడింది 20 శాతం. కౌంటు ధర పడిపోయిన ఆ రోజుల్లో హోచిమిన్ సిటీ ఎక్కడుందో తెలియని మేస్త్రీ కూడా వియత్నాంని తిట్టుకున్నాడు. మనం ఎక్కువగా తల తీసి, ఒలిచి, గడ్డకట్టించి పంపుతాం. వాళ్లు ఉడికించి, పొడి అద్ది, వేయించడమే తరువాయిగా పొట్లం కట్టి అమ్మడంలో ఆరితేరారు. కొల్లేరు చుట్టుపక్కల పెరిగే పంగస్ చేపకైతే మెకాంగ్ ఏకంగా పుట్టిల్లు.

అన్నీ పోల్చేవాడు దేన్నీ చూడడనీ, ఇది యాత్ర కాదు ఆడిటనీ చదువుకున్నవాళ్లు విసుక్కుంటారు. హనోయ్ విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను, అక్కడ రాయుడి పోలిక ఉత్త దర్పం. ఓడిపోయే వీలున్న చోట మాత్రం అదే పోలిక చూపుగా మారుతుంది. మెకాంగ్‌లో ఆయన కొన్ని గెలుస్తాడు, కొన్ని ఓడతాడు, కొన్నిటికి ‘చూద్దాం’ అంటాడు. గోదావరి జిల్లాల వ్యవహారం తెలిసినవాళ్లకి ఆ ‘చూద్దాం’ అంటే ఓటమి పత్రం మీద సంతకమే. పోలికకి అందని చోట్లు కూడా సైగాన్ దగ్గర లేకపోలేదు. కూ చీలో యుద్ధకాలపు సొరంగాలు 200 కిలోమీటర్లకు పైమాటే. పర్యాటకుల కోసం కొంత మేర వెడల్పు చేశారు గానీ, భీమవరం పొట్టకి అది సరిపోదు. రాయుడు బయటే ఆగి, చెప్పుకోవడానికి పోలికేమీ దొరక్క, కాసేపు నిజంగానే మాట్లాడకుండా ఉంటాడు.

‘అసలు ఆ దేశానికీ మనకీ ఏం సంబంధమండీ’ అనేవాళ్లకి యానాం చూపించాలి. యానాంని ఇవతలి జిల్లాల వాళ్లు చవక సీసాల ఊరుగా మాత్రమే లెక్కేస్తారు, అది వేరే సంగతి. 1875లో పుట్టిన ఇండోచైనా బ్యాంకు సైగాన్‌లో పియాస్టర్ నోట్లు వేసింది, పుదుచ్చేరిలో శాఖ పెట్టి ఫ్రెంచి ఇండియాకి రూపాయి నోట్లూ వేసింది. ఫ్రెంచి ఇండియాలో యానాం కూడా ఉంది. ఫ్రెంచివాళ్లు హనోయ్‌లోనూ యానాంలోనూ మూటాముల్లె సర్దుకున్నదీ ఒకే ఏడు. 1954 అక్టోబరు 10న హనోయ్ వియత్నాం సేనల చేతికొచ్చింది, నవంబరు 1న యానాం పాలన భారతదేశానికి దక్కింది. రాయుడికి ఈ ముక్క చెబితే ‘ఇరవై రెండు రోజులు వెనకబడ్డామన్నమాట’ అని లెక్క తీస్తాడు.

రెండూ చూసేస్తే పోలేదా అనేవాళ్లకి జవాబు పొట్టిదే. హనోయ్ నుంచి సైగాన్‌కి రైలు దారి 1,726 కిలోమీటర్లు, ఇంచుమించు విజయవాడ నుంచి ఢిల్లీ అంత. అయిదు రోజుల సెలవులో ఇది ప్రయాణం తప్ప విహారం కాదు. కాలం కూడా సైగాన్ వైపే ఉంది. సంక్రాంతికి రాయుడు మండలం దాటడు. తర్వాత వెళ్దామంటే వాళ్ల కొత్త సంవత్సరం టెట్ అడ్డొచ్చి కొట్లు మూతపడతాయి. మే నెలలో హనోయ్ ఎండ మన ఎండకి తీసిపోదు. మిగిలింది డిసెంబరు. అప్పుడు సైగాన్‌లో వానలు వెళ్లిపోయి ముప్ఫై డిగ్రీలుంటుంది, హనోయ్‌లో స్వెట్టరు కావాలి. భీమవరంలో స్వెట్టరు ఎవరింట్లో ఉందో వెతకడానికే ఇంకో పంటకాలం పడుతుంది.

ఇన్ని విధాల సైగాన్ ఖాయమైన చోట, అడ్వాన్సు కట్టబోయే ముందు, రాయుడి చెవిలో ఎవరో డాంగ్ తావ్ కోడి సంగతి ఊదుతారు. హనోయ్ పక్కనే పెరిగే జాతి అది. ఎర్రటి పొలుసుల కాళ్లు, ఒక్కో కాలూ మనిషి మణికట్టంత లావు. అది పందెం కోడి కాదనీ, టెట్ పండగకి పెద్దవాళ్లకి కానుకిచ్చే, వండుకు తినే ఖరీదైన పక్షి అనీ, ఆ కాళ్లతో సరిగా నడవడమే దానికి కష్టమనీ చెప్పి చూడండి. మణికట్టు పట్టుకుని చుట్టుకొలత చూసుకుంటున్న రాయుడు అవేవీ వినడు. ‘హనోయ్‌కి టిక్కెట్టు ఎంతండీ? గుడ్లు తెచ్చుకోనిస్తారంటారా?’