ఊరికే వెళ్ళొచ్చాం

కోనసీమకు సెలవులు కొత్త కాదు. 2011 ఖరీఫ్‌లో రైతులు పంట విరామమంటూ ఏకంగా చేలకే సెలవిచ్చేసి గట్టు మీద కూర్చుంటే, సర్కారు మోహన్ కందా గారి కమిటీని వేసింది. అంత పెద్ద విరామానికి ఒక్క కమిటీ సరిపోయింది. అదే ఒక మొగుడూ పెళ్ళాం రెండ్రోజులు హైదరాబాద్ వెళ్ళొస్తామంటే మాత్రం వీధికో కమిటీ కూర్చుంటుంది.

"ఎవరికండీ ఒంట్లో బాగోలేదు?" అన్నది తొలి విచారణ. మా అమలాపురం వైపు నుంచి హైదరాబాద్ వెళ్ళడానికి మర్యాదైన కారణాలు మూడే: ఆస్పత్రి, పెళ్ళి, అబ్బాయి కొన్న ఫ్లాటుకి గృహప్రవేశం. "అబ్బే, ఊరికేనండి. ఇద్దరం సరదాగా తిరిగొద్దామని" అన్నారో, పైకి చెప్పుకోలేని జబ్బేదో వచ్చిందని రూఢి చేసుకుని, ఎదుటివాళ్ళు గొంతు తగ్గించేస్తారు. ఆ తగ్గించిన గొంతుతోనే, ఎలాగూ వెళ్తున్నారు కదా మా పిల్లకిచ్చేయండని రెండు డబ్బాల పూతరేకులూ ఒక జాడీ ఆవకాయా అంటగడతారు. మొన్న కొబ్బరి దింపు డబ్బులు చేతికొచ్చిన వారంలో ఇలాగే బయల్దేరిందో జంట. పేర్లు అడక్కండి. అంబాజీపేటలో కొబ్బరి ధర, ఎదురింటి గుట్టు మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసిపోతాయి.

వాళ్ళు మొదట చూసిన వింత చార్మినార్ కాదు, మెట్రో రైలు. ఎందుకని అడిగేవాళ్ళు కోనసీమ వాళ్ళు కారు. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల్లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం రైలు కోసం చూస్తూ చూస్తూ మావాళ్ళ పిల్లలకి పిల్లలు పుట్టారు. గోదావరిలో స్తంభాలైతే లేచాయి. "ఏవండీ, ఇక్కడ స్తంభాల మీద రైలు కూడా పెట్టారండీ!" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. మియాపూర్‌లో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి, అక్కడ పనేమీ లేదు గనక మళ్ళీ ఎక్కి మియాపూర్ వచ్చారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు అందరితోపాటు కూర్చున్నారు. బుల్లి బొమ్మ తలుపు తోసుకుని వచ్చి, పన్నెండు గంటలూ లెక్క తప్పకుండా కొట్టి, లోపలికి పోయింది. సర్కారు కొలువులో ఉన్న ప్రాణి వేళకి వచ్చి, పని పూర్తిచేసి వెళ్ళడం ఆయన కళ్ళారా చూడటం అదే మొదలు. తరవాత లాడ్ బజార్‌లో ఆవిడ గాజులు బేరమాడినంతసేపూ, 1591 నుంచీ నిలబడే ఉన్న చార్మినార్‌కి తోడుగా ఆయనా నిలబడ్డాడు.

హుస్సేన్‌సాగర్‌లో టిక్కెట్టు కొని బోటెక్కారు. 1990లో బుద్ధుణ్ణి తీసుకెళ్తున్న బల్లకట్టు ఒరిగి విగ్రహం మునిగింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. 1992లో గానీ స్వామిని పైకి తీసి నిలబెట్టలేకపోయారు. అందుకేనేమో, ఎక్కగానే లైఫ్ జాకెట్ తొడిగారు. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి, మోటార్ సైకిలూ రెండు బస్తాల కొబ్బరికాయలతో నిండు వశిష్ఠ దాటే మనిషి, ఆ చెరువులో జాకెట్ బిగించుకుని, భయంగా ఉందంటూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. పంటు మీద ఏ రోజూ పట్టుకోలేదు. పట్టుకుంటే నరసాపురం చేరేలోపు అందరికీ తెలిసిపోదూ!

అసలు కథ రాత్రి భోజనం. మాదాపూర్‌లో మన కోనసీమ పేరే పెట్టుకున్న హోటల్ ఒకటి కనపడితే కాళ్ళు అటే లాగాయి. గుమ్మంలో ప్లాస్టిక్ కొబ్బరి చెట్టు. దానికి కాయలు కూడా ఉన్నాయి, దింపు కూలి లేదు. పంచె కట్టిన కుర్రాడు ఎదురొచ్చి "రండాయ్, కూర్చోండాయ్" అన్నాడు. "ఏ ఊరు బాబూ మీది?" అని ఆయన ఆప్యాయంగా అడిగితే, కుర్రాడు హిందీలో తడబడ్డాడు. ఆ 'ఆయ్' ఒక్కటే డ్యూటీలో చేరినప్పుడు నేర్పారట.

పనసపొట్టు కూర ధర చూసి ఆవిడకి పెరట్లో చెట్టు గుర్తొచ్చింది. ఆ లెక్కన చెట్టు మీద ఒక డూప్లెక్స్ వేలాడుతోంది. పులస పులుసు కూడా ఉంది. గోదారికి ఇంకా ఎర్రనీరే రాలేదు, మాదాపూర్‌కి పులస ఎలా ఎదురీదిందో! పుస్తెలమ్మి పులస తినాలంటారు గానీ, ఒడిశా ఇలసకి కూడా పుస్తెలే అడగడం అన్యాయం కాదూ. బిల్లులో అయిదు శాతం జీఎస్టీ. ఇంటి దగ్గర అత్తగారు వడ్డించేటప్పుడు గొణుగుడు ఎంత శాతమన్నది ఆవిడ లెక్కకట్టి మరీ, ఇదే చవక అని తేల్చింది. ఆయన ఫోటోలు తీశాడు. అరటాకులో ముద్దపప్పు ఫోటో చూసి ఊళ్ళో వాళ్ళంతా "అదృష్టవంతులు" అన్నారు.

తిరుగు బస్సులో ఎదుటి బెర్తులో ఒక గచ్చిబౌలి జంట. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, దిండిలో హౌస్‌బోట్ బుక్ చేసుకున్నారు. తెల్లారేసరికి బస్సు చించినాడ వంతెన ఎక్కింది. కింద గోదావరి, అవతల గట్టంతా కొబ్బరి. ఆ అమ్మాయి అద్దానికి ముక్కు ఆనించేసింది.

"ఇక్కడ చూడ్డానికి ఇంకేమేం ఉన్నాయంకుల్?"

"ఇక్కడేముంటాయమ్మా, నీళ్ళూ చెట్లూ" అన్నాడాయన, ఆవలిస్తూ.

"పోనీ, అసలు సిసలు కోనసీమ భోజనం ఎక్కడ దొరుకుతుందండీ?"

ఆయన జేబులోంచి బిల్లు తీసి, వెనక ఉన్న మాదాపూర్ అడ్రసు చూపించాడు.