మాటలన్నీ వచ్చినవాడు

స్క్రాబుల్ పోటీలకు తయారయ్యేవాళ్లు చదివే జాబితాల్లో అర్థాలుండవు. మాటలే ఉంటాయి, అవీ పొడవును బట్టి, మొదటి అక్షరాన్ని బట్టి బారులు తీరి ఉంటాయి. ‘ఎ’తో మొదలయ్యే అయిదక్షరాల ఇంగ్లిష్ మాటలన్నీ ఒకచోట: అబేస్, అబ్యాష్, అబేట్, అబైడ్... ‘క్యూ’ ఉండి పక్కన ‘యు’ లేని మాటలు ఇంకోచోట. బోర్డు మీద ఖాళీ గళ్లు ఎన్ని, చేతిలో ఉన్న అక్షరాల బిళ్లలేవి అన్నదే ఆటగాడికి కావాలి. ఏడు బిళ్లలూ ఒకేసారి పరిచి మాట కడితే 50 పాయింట్లు అదనంగా వస్తాయి. ఆ మాటకు అర్థం తెలిసినందుకు మాత్రం ఒక్క పాయింటూ రాదు.

ఈ విద్యలో నైజెల్ రిచర్డ్స్‌ను మించినవాడు లేడని ఆట తెలిసినవాళ్లంతా ఒప్పుకుంటారు. న్యూజిలాండ్ మనిషి, 1967లో పుట్టాడు. 28వ ఏడు దాకా స్క్రాబుల్ జోలికే పోలేదు. పేకాటలో పడిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకునే కొడుకుతో ఆడి ఆడి విసిగిపోయిన తల్లి, నీకు అంతగా చేతకాని ఆట ఒకటి నాకు తెలుసు అంటూ ఆ బోర్డు ముందు పెట్టిందట. ఆమె అలా అనుకోవడానికి కారణం ఉంది. బళ్లో అతనికి ఇంగ్లిష్ అంతంతమాత్రం, స్పెల్లింగులు సరిగా వచ్చేవి కావు.

ఆ తల్లి అంచనా ఎంత తప్పిందో చూడండి. 1997లో డనెడిన్‌లో పోటీ జరుగుతుంటే క్రైస్ట్‌చర్చ్ నుంచి బయల్దేరి, 300 కిలోమీటర్లకు పైగా దారి రాత్రంతా సైకిలు తొక్కుకుంటూ వెళ్లాడు. పోటీ గెలిచాడు. మళ్లీ సైకిలెక్కి ఇంటికొచ్చాడు. తర్వాత మలేసియాలో స్థిరపడ్డాడు. 2007లో మన ముంబయిలో, 2011లో వార్సాలో, 2013లో ప్రాగ్‌లో ఇంగ్లిష్ స్క్రాబుల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. విలేకరులకు దొరకడు. గెలిచినా ఓడినా ఒకటే ముఖం. కీర్తి కోసం కాకుండా పని మీద ఇష్టంతోనే పని చేసే ఇలాంటి మనుషులంటే నాకు ఎంతో గౌరవం.

అలాంటివాడు 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీలో ఆడటానికి వచ్చాడు.

ఇంగ్లిష్ ఆట వచ్చినవాడికి ఫ్రెంచి ఆట తేలిక అనుకోవడానికి లేదు. ఇంగ్లిష్ సంచిలో 100 బిళ్లలు, ఫ్రెంచి సంచిలో 102. ఇంగ్లిష్‌లో ‘కె’కు 5 పాయింట్లు, ‘డబ్ల్యూ’కు 4. ఫ్రెంచిలో ఆ రెండింటికీ పదేసి. ఇంగ్లిష్‌లో పది పలికే ‘క్యూ’ ఇక్కడ ఎనిమిదికి దిగుతుంది. ఇన్నేళ్లూ వేళ్లకు అలవాటైన లెక్కలన్నీ మార్చుకోవాలి. వీటన్నిటినీ మించిన కష్టం మాటలు. ఫ్రెంచి క్రియ మనిషిని బట్టి, కాలాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. చేశాను, చేశావు, చేశారు, చేస్తారు అన్నట్టుగా వచ్చే ప్రతి రూపమూ ఆటలో వేరే మాటే. అలా చేరి చేరి ఫ్రెంచి ఆట జాబితా అప్పటికి సుమారు 3,86,000 మాటలకు పెరిగింది.

పోటీ జరిగిన ఊరి సంగతి కూడా చెప్పాలి. బెల్జియంలోని ఆ ఊరి పేరు లూవాన్-లా-నూవ్, అంటే కొత్త లూవాన్. పాత లూవాన్ డచ్ మాట్లాడే ప్రాంతంలో ఉంది. అక్కడి పేరున్న పాత విశ్వవిద్యాలయంలో రెండు భాషలవాళ్లూ చదివేవారు. 1960లలో, ఫ్రెంచివాళ్లు ఇక్కణ్నుంచి వెళ్లిపోవాలంటూ డచ్ విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. 1968లో ఆ గొడవలోనే దేశ ప్రభుత్వం కూలింది, విశ్వవిద్యాలయం రెండు ముక్కలైంది. గ్రంథాలయాన్ని సైతం వదల్లేదు. పుస్తకాల మీది అంకెలు చూసి సరిసంఖ్యలు ఒకరికి, బేసి సంఖ్యలు ఇంకొకరికి అని పంచుకున్నారు. తమ భాషలో చదువుకునే చోటు పోయిన ఫ్రెంచివాళ్లు, 1970లలో పొలాల మధ్య కొత్తగా కట్టుకున్న ఊరు ఇది. భాష కోసం 1953లో రాష్ట్రాన్నే సాధించుకున్న మనకు వాళ్ల పట్టుదల వేరే విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ ఊళ్లో, జులై 20న, ఫ్రెంచి మాటల మీద పట్టు ఎవరిదో తేల్చే ఆట. రిచర్డ్స్‌కు ఎదురుగా గాబన్ దేశస్థుడు షెలిక్ ఇలాగు రెకావే కూర్చున్నాడు. 1960 దాకా ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న దేశం అది. ఇప్పటికీ అక్కడ ఆఫీసులో, బళ్లో నడిచేది ఫ్రెంచే. రెకావే గట్టి ఆటగాడు. లేకపోతే అంతదాకా రాడు.

రిచర్డ్స్ గెలిచాడు. హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పసితనం నుంచీ ఫ్రెంచిలో మాట్లాడుతూ, ఫ్రెంచిలో చదువుకుంటూ పెరిగినవాళ్లు కొట్టిన చప్పట్లు అవి. తమ భాషను ఇంత లోతుగా పట్టుకున్న పరదేశి వాళ్లకు అంతకుముందు తారసపడి ఉండడు.

నాలుగు మాటలు చెప్పమన్నారు. రిచర్డ్స్ ఇంగ్లిష్‌లో కృతజ్ఞతలు చెప్పాడు. దుబాసీ అందుకుని వాటిని ఫ్రెంచిలో సభకు వినిపించాల్సి వచ్చింది.

ఆ జాబితా అతని చేతికొచ్చి అప్పటికి తొమ్మిది వారాలే. ఆ తొమ్మిది వారాల్లో అతను నేర్చుకున్నది ఫ్రెంచి కాదు, ఏ అక్షరం తర్వాత ఏ అక్షరం వస్తుందో, ఏ మాట ఎంత పొడవో. వాటిలో ఏ మాటకు అర్థమేమిటో అతనికి తెలియదని, ఫ్రెంచిలో ఎవరితోనూ మాట్లాడలేడని స్నేహితురాలే పత్రికలకు చెప్పింది. అంతసేపు కొట్టిన చప్పట్ల మధ్య జనం తనను ఏమని మెచ్చుకుంటున్నారో ఎవరైనా ఇంగ్లిష్‌లో చెబితే తప్ప, గెలిచినవాడికి తెలియదు.