అంకెల ఆసామి

ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతపురం పీఠభూమిలో, వేరుశనగ తరువాత కరవును తట్టుకుని నిలిచే రెండో పంటగా అంకెల ఆసామిని పేర్కొనవచ్చును. ఇతడు సాధారణంగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడై ఉంటాడు. ఎండ చల్లారాక గడియార స్తంభం పరిసరాల్లోని ఏదో ఒక టీ అంగడిలో, పాత కరెంటు బిల్లుల వెనుక వైపు నిండా సంఖ్యలు రాసుకుంటూ దొరుకుతాడు.

ఇతడు సేకరించేవి అనుక్రమాలు, అనగా ఏదో ఒక నియమానికి కట్టుబడి వరుసగా నిలిచిన పూర్ణసంఖ్యల బారులు. నీల్ స్లోన్ అనే గణితవేత్త విద్యార్థి దశలో, 1964లో, ప్రారంభించిన ఇటువంటి సేకరణ 1973లో 2,372 అనుక్రమాల పుస్తకమై వెలువడిందని తెలిసిన నాటి నుంచి, తన బిల్లుల కట్టకూ అదే గౌరవం బాకీ ఉన్నదని ఆసామి విశ్వాసం.

కొత్తవారిపై ఇతడు ప్రయోగించే అస్త్రం ఒక్కటే: 1, 2, 4, 8, 16 తరువాత ఏమిటి? ఎదుటివాడు 32 అనడమూ, ఆసామి కళ్ళు మూసుకుని 31 అనడమూ శాస్త్రోక్తంగా జరిగిపోతాయి. వృత్తంపై బిందువులు పెట్టి ప్రతి జంటనూ గీతతో కలిపినప్పుడు లోపల ఏర్పడగల గరిష్ఠ భాగాల సంఖ్య అయిదు బిందువుల వరకు రెట్టింపవుతూ వచ్చి, ఆరో బిందువు దగ్గర 31 వద్దే ఆగుతుంది. ఈ వివరణ ముగిసేసరికి ఇద్దరి టీ డబ్బులూ శ్రోతే చెల్లించి ఉంటాడు.

తెలుగు పండితుడు ఎదురైతే ఆసామి ఛందస్సులోకి దిగుతాడు. ఒక మాత్ర లఘువును, రెండు మాత్రల గురువును కలిపి మొత్తం ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు మాత్రలు వచ్చేలా కూర్చే విధాలు వరుసగా 1, 2, 3, 5, 8. ఇటలీ వాడైన ఫిబొనాచీ 1202లో రాసిన ఈ వరుసను హేమచంద్రుడు అంతకు అర్ధశతాబ్ది ముందే చెప్పి ఉన్నాడు. ఇది అక్షరాలా నిజం కావడం వల్లనే పండితుడికి తప్పించుకునే దారి ఉండదు.

అయితే ఆసామి అసలు ఆస్తి పై. వృత్త పరిధిని వ్యాసంతో భాగించగా వచ్చే ఈ స్థిరాంకం కరణీయ సంఖ్య, అనగా దాని దశాంశ విస్తరణ ఎక్కడా ముగియదు, ఏ అంకెల గుంపూ దానిలో శాశ్వతంగా ఆవృతం కాదు. ఏడింట ఒక వంతు 142857 అనే ఆరంకెలనే తిప్పి తిప్పి చెబుతుంది గనుక దానిపై ఇతడికి చిన్నచూపు. చెరువులు, బోర్లు, పెన్న, అన్నీ ఎండే సీమలో ఎండనిది పై ఒక్కటేనని ఇతడి వాదం, దానిని కాదనడం కష్టమే. 762వ దశాంశ స్థానం నుంచి వరుసగా ఆరు తొమ్మిదులు వస్తాయి. అంతవరకు ఒక్క మనిషి ముందైనా అప్పజెప్పాలన్నది ఇతడి జీవితాశయం కాగా, వందో స్థానం దాటకముందే శ్రోతకు బస్సు వస్తుంది. ఎంత పొడవైన అంకెల వరుసైనా పైలో ఎక్కడో ఉండి తీరుతుందని ఇతడు ప్రమాణం చేస్తాడు గాని, గణితవేత్తలు ఇంకా దానిని నిరూపించలేదు.

పొరుగున కడప జిల్లా కల్లూరులో పుట్టి, చూపు లేకుండానే గణితావధానాలు చేసిన లక్కోజు సంజీవరాయశర్మ (1907–1997) ఇతడికి ఇలవేల్పు. శర్మగారు అడిగిన లెక్కకు జవాబు చెప్పేవారు, ఆసామి అడగని లెక్కకు చెబుతాడు, తేడా అంతే.

ఇతడు ఓడేది రైతు దగ్గర మాత్రమే. మొదటి బోరు 300 అడుగులు, రెండోది 500, మూడోది 800 అయినప్పుడు నాలుగోది ఎంతవుతుందని అడిగితే, రైతు బీడీ ఆర్పి, "అప్పు యాడిదంకా పుడితే ఆడిదంకా, సారూ" అంటాడు. ఆసామి దానిని శ్రద్ధగా రాసుకుని, పైన "హద్దు గల అనుక్రమం" అని శీర్షిక పెడతాడు.