ఆంపియర్ ముల్లు: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

తే.గీ.
ముల్లు నడుమున నిలిచిన మూలఁ జూడు
ఎడమ కొరిగిన బ్యాటరీ యెండిపోవు
కుడిని నిలిచిన నాసిడ్డు కుతకుతమను
అప్పు డెట్టుల పోదువో యాదవాని!

అవతారిక: మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కోలాచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. ఆ ఒట్టులో మొదటి సగం నిలబెట్టడానికి మూలం ముందుగా నేనే రాసుకున్నాను. రెండో సగం సంగతి చదివేవారికి వదిలేస్తున్నాను.

సందర్భమేమనగా, ఎమ్మిగనూరు ఆసామి ఒకడు పాత బుల్లెట్ మీద ఆదోని పత్తి మార్కెట్టుకు బయల్దేరబోతూ హెడ్‌లైటు మీది గుండ్రటి మీటరు వంక అనుమానంగా చూస్తున్నాడు. అతనికి మెకానిక్కు చేసిన బోధ ఇది. బండి వంశం గొప్పది. 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్ వారూ మద్రాస్ మోటార్స్ వారూ కలిసి మొదలుపెట్టి, తర్వాత తిరువొత్తియూరులో స్థిరపడిన బుల్లెట్ వంశం. తల మీద రెండు చిన్న పైలట్ లైట్లు, వాటి నడుమ పెద్ద దీపం, పైన ఈ మీటరు. నాయకుడు ధీరోదాత్తుడని వేరే చెప్పాలా.

ప్రతిపదార్థం: ముల్లు = ఆంపియర్ మీటరులోని సూది; నడుమునన్ = ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య సున్న మీద; నిలిచినన్ = తాళం తిప్పి లైటు వేసినా కదలకపోతే; మూలన్ = వైరు ఊడిన మూలను; చూడు = టెస్ట్ ల్యాంపుతో వెతుకు; ఎడమకు = మైనస్ వైపునకు; ఒరిగినన్ = బండి నడుస్తుండగా వాలిపోయి ఉంటే; బ్యాటరీ = సీటు కింది డబ్బా; ఎండిపోవున్ = డిశ్చార్జి అవుతుంది; కుడిని = ప్లస్ వైపున; నిలిచినన్ = దిగకుండా అక్కడే ఉంటే; ఆసిడ్డు = బ్యాటరీలోని గంధకామ్లం; కుతకుతమనున్ = పొంగి బుడగలెత్తుతుంది; అప్పుడు = అలా అయితే; ఎట్టుల = ఏ విధంగా; ఆదవాని = నేటి ఆదోనికి; పోదువో = పోగలవో (నీకే తెలియాలి అని శేషం).

తాత్పర్యం: చార్జింగ్ పోయిన బండితో ఊరు దాటొద్దు.

విశేషాలు: తాత్పర్యం పొట్టిదే. చిక్కంతా మొదటి పాదంలో ఉంది.

"నడుమున నిలిచిన" అన్నది దోషమా, గుణమా అని పూర్వపక్షం. ప్రకరణం చూడనిదే అర్థం చెప్పకూడదు. ఇంజన్ ఆగి ఉంది, తాళం తిప్పారు, హెడ్‌లైటు వేశారు. 12 వోల్టుల బండిలో 35 వాట్ల బల్బు దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి ముల్లు ఎడమకు వంగి తీరాలి. వంగకపోతే బ్యాటరీ చచ్చిందనో, ఫ్యూజ్ పోయిందనో, మీటరు వెనకాల నట్టు వదులైందనో, లేక మీటరే మూగదైందనో గ్రహించాలి. ఇదే ముల్లు బండి నడుస్తుండగా లైటు వేసినా నడుమనే ఉంటే, వచ్చే కరెంటూ పోయే కరెంటూ సరిపోయాయని అర్థం. అది ఆరోగ్యం. స్టార్టు చేయగానే కాసేపు కుడికెక్కి, మెల్లగా నడుమకు దిగి వస్తే మహదారోగ్యం.

మూడో నడుమ ఒకటుంది. అది పాత బుల్లెట్ వాళ్లకే తెలుసు. తాళం తిప్పి కిక్కర్ నెమ్మదిగా నొక్కుతుంటే, ప్లాటినం పాయింట్లు అతుక్కున్నంత సేపు కాయిల్ కరెంటు తాగుతుంది, ముల్లు ఎడమకు ఒరుగుతుంది. పాయింట్లు విడగానే ముల్లు నడుమకు వస్తుంది. పిస్టన్ కంప్రెషన్ చివరికి వచ్చిందని అదే గుర్తు. అప్పుడు డీకంప్రెషర్ పట్టి కిక్కర్‌ను కాస్త దాటించి, వదిలి, ఒక్క కిక్కు కొట్టాలి. ఈ శాస్త్రం తెలియక కొట్టినవాణ్ణి కిక్కరే తిరిగి కొడుతుంది. కాబట్టి ఒకే నడుమ మూడు చోట్ల మూడు అర్థాలిస్తోంది. ముల్లు చూసిన మరుక్షణం కొత్త బ్యాటరీ కొనేవాడు, సందర్భం చూడకుండా నిఘంటువు తీసినవాడే.

అసలీ మీటరు బ్యాటరీ నిండుగా ఉందో లేదో చెప్పదు. ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్న పద్దు మాత్రం చెబుతుంది. నిండుదనం కావాలంటే మల్టీమీటరు తేవాలి. పెట్టి ఉన్న బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. ఇంజన్ రేసు పెంచితే 13.8కీ 14.4కీ మధ్యకు ఎక్కాలి. కదలకపోతే చార్జింగ్ రావడం లేదు. 15 దాటితే మూడో పాదం చదువుకోవాలి.

ఇక "మూలఁ జూడు". ఎక్కడి మూల? ఎమ్మిగనూరు చేనేత ఊరు. 1938లో మాచాని సోమప్ప నేత సహకార సంఘం పెట్టాడు, 1954లో పద్మశ్రీ అందుకున్నాడు. వేల పోగుల పడుగులో తెగిన పోగు ఎక్కడుందో వేళ్లతో తడిమి పట్టుకోవడం ఈ ఊరికి తాతల విద్య. వైరింగ్ దగ్గరా ఆ వేళ్లే కావాలి. అందుకే మెకానిక్కు అంటాడు: "బ్యాటరీ ఏం జేసిందన్నా పాపం? ముందు ఎర్త్ జూడు." ఎర్త్ వైరు చాసిస్‌కు బిగించిన చోట తుప్పు, బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి, మీటరు నట్లు. ఈ మూడూ చూశాకే లోపలికి పోవాలి.

లోపల అంటే ఎడమవైపు చైన్ కవరు. అందులో అయస్కాంతం తిరుగుతుంది, దాని చుట్టూ కాయిల్ ప్లేటు కదలకుండా ఉంటుంది. రెండింటి మధ్య సందు సమంగా లేకపోతే ఒరుసుకుంటాయి. కాయిల్ వైర్లు ఏళ్ల తరబడి ఆయిల్‌లో నాని, వేడికి పైతొడుగు గట్టిపడి పగులుతాయి. పరీక్ష సులువు. కాయిల్ వైర్లు విడదీసి వాటి మధ్య ఒక హెడ్‌లైటు బల్బు తగిలించి రేసు పెంచాలి. బల్బు బాగా వెలిగితే కాయిల్ నిర్దోషి. నేరం రెక్టిఫైర్‌ది, అంటే అటూ ఇటూ ఊగే కరెంటును ఒకే దిక్కుకు నడిపించవలసిన పెద్దమనిషిది. బండ్లకు కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీ వ్యవస్థాపకుణ్ణి "చీకటి యువరాజు" అని ఇంగ్లండు బండివాళ్లు ఎగతాళి చేసేవారు. ఇంత మంచి బిరుదు మన ప్రబంధ కవులకు తట్టలేదు.

రెండో పాదానికి ఆక్షేపం: కాయిల్ మంచిది, రెక్టిఫైర్ మంచిది, అయినా రాత్రిపూట ముల్లు ఎడమకే ఒరుగుతుందేమి? సమాధానం: 35 వాట్ల చోట 60 వాట్ల హాలోజన్ పెట్టింది ఎవరు? అదొక్కటే 5 ఆంపియర్లు. నీలకంఠేశ్వర స్వామి జాతరకని జోడు హారన్లు, రంగు లైట్లు కూడా తగిలించింది ఎవరు? ఇది బండి దోషం కాదు, యజమాని అలంకార ప్రియత్వం.

మూడో పాదం స్పష్టం. రెగ్యులేటర్ పోయింది, మార్పించాలి.

పాఠాంతరం: కొన్ని బండ్లలో రెండో, మూడో పాదాలు తారుమారుగా చదువుకోవాలి. మీటరు విప్పినవాడు రెండు వైర్లూ మార్చి బిగిస్తే చార్జింగ్ ఎడమకు, డిశ్చార్జి కుడికి చూపిస్తుంది. ఏ పాఠం ప్రామాణికమో తేల్చడానికి ఇంజన్ ఆపి లైటు వేస్తే చాలు. ముల్లు కుడికి పోయిందా, అది లేఖక దోషం.

వ్యాకరణం: "ఎడమకు నొరిగిన" అనవలసిన చోట కవి ద్రుతాన్ని మింగేశాడు. పాదాల చివర సంధి కూడా చేయలేదు. కవులు నిరంకుశులంటారు, మెకానిక్కులు మరీను. "బ్యాటరీ" ముందున్న నకారాన్ని గురువన్నా లఘువన్నా గణం చెడదు. "యాదవాని" అన్నది యడాగమం. ఇందులో యాదవుణ్ణి వెతకరాదు.

చివరి పాదంలో కవి ప్రశ్న వేసి తప్పుకున్నాడు. జవాబు టీకాకారుడి మెడకు పడింది. దారి సుమారు 30 కిలోమీటర్లు. పాయింట్ల బండికి స్పార్కు ఇచ్చేది బ్యాటరీయే, కనుక చార్జింగ్ లేకపోయినా అందులో ఉన్నంత సేపు ఇంజన్ నడుస్తుంది. పగలైతే హెడ్‌లైటు వేయొద్దు, హారన్ కొట్టొద్దు, బ్రేక్ లైటు వైరు పీకేయి, నడుమ ఎక్కడా టీకి ఆపొద్దు. పొద్దు వాలితే బండి షెడ్డులోనే ఉంచి ఆర్టీసీ బస్సెక్కు.