సొట్ట చెంబు

నా పొట్ట మీద సరిగ్గా బొటనవేలు పట్టేంత సొట్ట ఒకటి ఉంది. పాత సామాన్లు కొనే మనిషి ఒకరోజు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "సొట్ట పడిందవ్వా, తూకానికే పోతాది" అన్నాడు. అవ్వ నన్ను అతని చేతిలోంచి తీసుకుంది. "అది అమ్మేది కాదు నాయనా. ఎండన పడి వచ్చినావు, కూచ్చో" అంటూ కడవలో ముంచి నాతోనే నీళ్లిచ్చింది. ఎత్తి తాగుతుంటే అతని బొటనవేలు కూడా ఆ సొట్టలోకే పోయింది.

నేను ఇత్తడి చెంబును. రాగిలో తుత్తునాగం కలిపి, కంచరి కొలిమిలో కరిగించి నాకు రూపమిచ్చాడు. పులివెందుల పక్క పల్లెలో అవ్వ పుట్టింటివాళ్లు నన్ను పెండ్లి సారెలో పెట్టి పంపారు. అప్పటికి ఆమె పదిహేనేళ్లు కూడా నిండని పిల్ల. ఆ పల్లెకు ఏరు లేదు. వాన పడితే శనక్కాయ పండేది, పడకపోతే బావిలో చేద రాయికి తగిలి ఠంగుమనేది. మొహం కడిగిన నీళ్లు కూడా కరివేపాకు చెట్టు మొదట్లోకే పోవాలి. వాళ్ల జేజి రాత్రిళ్లు పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకొని ధాత కరువు కథలు చెప్పేది. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలై రెండేళ్లు పీడించిన కరువది. బళ్లారి, కర్నూలు, కడప సీమల్లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. తన పెద్దల నోట విన్న ఆ మాటలను జేజి ఎప్పుడూ ఒకే మాటతో ముగించేది: "నీళ్లడిగినోణ్ని ఎవరని అడగొద్దు పాపా." నన్ను సారెలో సర్దింది కూడా ఆ జేజే.

జమ్మలమడుగులో మెట్టినింట్లో మగ్గముంది. తెల్లవారకముందే గుంట మగ్గం టకటకలాడేది. అవ్వ రాట్నం ముందు కూచొని కండెలు చుట్టేది. పొద్దెక్కకముందే నన్నూ కడవనూ తీసుకొని పెన్నకు పోయేది. నంది కొండల్లో పుట్టి, చిత్రావతిని కలుపుకొని, గండికోట దగ్గర కొండను చీల్చుకొని వచ్చే నది అది. ఎండాకాలం చూస్తే మాత్రం ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఇసుకే. కొత్త కోడలు మొదటిసారి చూసి బెదిరిపోతే అత్త నవ్వి, "పెన్న సచ్చిపోలేదు, పండుకోనుండాది" అంది. మోకాటి లోతు ఇసుక తోడితే చెలమ ఊరేది. మొదట ఊరిన బురదనీళ్లు పారబోసి, ఇసుక అణిగేదాకా ఓపిక పట్టి, తేటనీళ్లను నాతో ముంచి కడవలో పోసేవారు. ఇంకా మసక ఉంటే కడవ లోపల చిల్లగింజ అరగదీసేవారు. తెల్లారేసరికి మన్ను అడుగు పట్టేది.

ఏటా ఉగాదికి ఆ ఇంటివాళ్లు దారి పక్కన వేపచెట్టు కింద చలివేంద్రం పెట్టేవారు. ఇసుక పరిచి, తడిపి, కొత్త కడవలు దింపేవారు. పాత కడవలు పనికిరావు. మట్టిలోని సన్నని రంధ్రాల గుండా నీరు చెమర్చి ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి, పాత కడవల్లో ఆ రంధ్రాలు పూడిపోతాయి. మా సీమ గాలి పొడిగాలి. మనుషుల్ని మాడ్చే ఆ గాలే కడవను చల్లబరుస్తుంది. అవ్వ అందులో గుప్పెడు వట్టివేళ్లు వేసేది. ఎండలో వచ్చినవాళ్లకు వెంటనే నీళ్లిచ్చేది కాదు. ముందు నీడన కూచోమనేది, చెమట ఆరాక బెల్లం ముక్క పెట్టేది, ఆ తర్వాతే నన్ను అందించేది.

కానీ నేను అందరి చేతికీ అందేదాన్ని కాదు. ఊరి చివరి వాడల నుంచి వచ్చేవాళ్లు దూరంగా వంగి దోసిలి పట్టాలి, పైనుంచి వెదురు గొట్టం గుండా నీళ్లు పోయాలి. అది ఆ దారి కట్టుబాటు. అవ్వ కూడా కొన్నేళ్లు అట్లే పోసింది. ఆ మాట నేను దాచను. ఆమె కూడా ఎన్నడూ దాచలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం కలుపు తీసి వస్తున్న ఒక ఆడమనిషి చంకలో బిడ్డతో వచ్చి దూరంగా ఆగింది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలేస్తోంది. వెదురు గొట్టం చాచారు. ఆమె వంగింది. దోసిలికి రెండు చేతులు కావాలి. ఒక చెయ్యి బిడ్డ కిందే ఉండిపోయింది. మిగిలిన చేతిలో పోసిన నీళ్లు వేళ్ల సందుల్లోంచి మట్టిలోకి జారిపోయాయి. రెండోసారీ అంతే. అవ్వ గొట్టం పక్కన పడేసింది. నన్ను కడవలో ముంచి, నాలుగడుగులు నడిచి పోయి, ఆ తల్లి చేతిలో పెట్టింది. ఆ అరచెయ్యి నాకిప్పటికీ గుర్తే. కలుపుతీత కాయలు కాసి గరుకుగా ఉంది, వణుకుతోంది. బిడ్డ గుటక వేసిన చప్పుడు నేను విన్నాను.

అక్కడే కూచున్న ఒక పెద్దమనిషి లేచి నన్ను లాక్కొని బండకేసి కొట్టాడు. అప్పుడు పడిందే ఈ సొట్ట. అవ్వ గొంతు పెంచలేదు. నన్ను ఏరుకొని, చింతపండు పెట్టి తోమి, ఆయన ముందే కడిగింది. "ఎత్తి తాగితే ఎంగిలి యాడిది? చెయ్యి తగిలితే ఇత్తడి సస్తాదా?" అంది. కొన్నాళ్లు ఆ దారిన పోయేవాళ్లలో సగం మంది మా దగ్గర ఆగలేదు. అవ్వ మాత్రం కడవలు నింపడం మానలేదు. మే నెల ఎండ ముదిరేసరికి ఒక్కొక్కరే వచ్చారు. ఆ పెద్దమనిషి కూడా వచ్చాడు. అవ్వ ఆయనకూ బెల్లం ముక్క పెట్టింది.

అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణ అప్పటికే అమల్లో ఉంది, ఆ ఆచారాన్ని శిక్షించదగిన నేరంగా చేసిన చట్టం 1955లో వచ్చింది. ఆ సంగతులు చదువు రాని అవ్వకు చాలా ఏళ్ల తర్వాత మనవడు పుస్తకంలోంచి చదివి వినిపించాడు. అంతా విని, "రాసినోళ్లు మంచోళ్లు. కానీ నీళ్లు పోసేది చెయ్యే కదా నాయనా" అంది. ఊరు తిరిగి వచ్చిన కంచరి సొట్ట తీస్తానంటే వద్దంది. "ఉండనీ. నేను అన్నేళ్లు చేసింది నాకు గుర్తుండాల" అంది.

మగ్గం కూడు పెట్టని రోజులు వచ్చాక కొడుకు ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పనికి కుదిరాడు. అవ్వ నన్ను చంకన పెట్టుకొని వచ్చింది. బంగారు అంగళ్ల ఊరది, దసరా వస్తే కిటకిటలాడిపోతుంది. కానీ అవ్వ కళ్లకు మూటలు మోసే హమాలీలు, బండ్లు లాగేవాళ్లే కనిపించారు. ఉగాది రాగానే దారి పక్కన రెండు కడవలు దింపింది. "గొలుసు కట్టవ్వా, ఎత్తుకపోతారు" అన్నారు పక్కవాళ్లు. "చెంబు ఎత్తుకపోయేంత కష్టమొచ్చినోడు ఎత్తుకపోనీలే" అంది. ఒకసారి నిజంగానే పోయాను. జ్వరంతో ఉన్న భార్యకు నీళ్లు తీసుకుపోయిన హమాలీ మూడో రోజు నన్ను తెచ్చిచ్చాడు. నా నిండా వేయించిన శనక్కాయలు.

తర్వాత నీళ్ల ప్యాకెట్లు వచ్చాయి, ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చాయి. గండికోట దగ్గర 26.85 టీఎంసీల జలాశయం కట్టారని మనవడు చెబితే అవ్వ చేతులు జోడించింది. పెన్న పండుకున్న ఇసుక ఆమెకు బాగా తెలుసు. నడుము వంగినా కడవలు మానలేదు. తాను మోయలేని రోజున ఆటోవాళ్లు, హమాలీలు మోసి నింపారు. ఆమె పక్కన కూచొని బెల్లం ముక్కలు చేసేది.

చివరి రోజున మనవడి భార్య నాలోంచే తులసినీళ్లు చెంచాతో ఆమె నోట్లో పోసింది. మొదటి చెంచా దిగింది. రెండోది పెదవి పక్కనుంచి జారింది. ఇంతమందికి నీళ్లిచ్చిన నేను ఆ ఒక్క గుటకను లోపలికి పంపలేకపోయాను.

దివసాల నాడు మనవడు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. సొట్ట తీయించి, మెరుగు పెట్టించి, అవ్వ పటం ముందు అద్దాల బీరువాలో పెడదామన్నాడు. వాకిట్లో కూచున్న ఒక ముసలి హమాలీ లేచి, "సొట్ట తీయొద్దప్పా. చెమట చేతులతో పట్టుకుంటే జారకుండా వేలు ఆడ నిలబడతాది" అన్నాడు. మనవడు తన బొటనవేలు అందులో పెట్టి చూసుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

మొన్న ఉగాదికి మళ్లీ ఇసుక పరిచారు, కొత్త కడవలు దింపారు. నేను కడవ మూత మీద ఉన్నాను. గొలుసు లేదు.